వలతాడు ముడి

కొడుకు ఇసక దిబ్బల మీంచి ఎగిరించే సైకిలుకి బ్రేకులేయించడానికి పాలకాయతిప్ప నుంచి బందరు షాపుకొచ్చాడు, చేపల వేటకెళ్ళే తండ్రి.

“కేబుల్ బ్రేకులే వేయించు బావా,” అన్నాడు షాపు మెకానిక్కు. “తెగినా నువ్వే మార్చుకోవచ్చు. ఆయిల్ బ్రేకైతే ప్రతి రిపేరుకీ నా దగ్గరికి రావాల్సిందే.”

“పోయినసారీ కేబులేగా. ఉప్పుగాలికి తుప్పుపట్టి తెగింది.”

“తెగితే ఇక్కడికి తేవాల్సింది.”

“తేలేదు. వలతాడుతో ముడేశాను. సముద్రంలో ఏనాడూ జారని ముడి కదా అని, ‘ఏం కాదు, ఎగరరా’ అన్నాను.”

“పిల్లాడి విరిగిన కాలు అతికిందా?”

“అతికింది, కుంటుతున్నాడు. మళ్ళీ ఎగురుతాడంట. అదీ వాళ్ళమ్మతో చెప్పాడు. నాతో మాట్లాడ్డు.”

“మరి ఏది వెయ్యమంటావు?”

తండ్రి తన చేతులకేసి చూసుకున్నాడు.

“ఆయిల్‌దే వెయ్యి. నాకు బాగుచెయ్యడం రానిది వెయ్యి.”