నీనమ్మ పటం

హలో… ఆఁ, నేనే బిడ్డా. పటాల దుకాణం మొయినుద్దీన్‌నే. ఎవలు… సవితనా? ఏమైంది, గట్ల రొప్పుతున్నవ్?

…ఆ, దుకాణంలనే ఉన్న. మీ అవ్వ తెచ్చిన పటం పనే నడుస్తున్నది. సాయంత్రంకల్ల—

ఏంది? ముట్టద్దా?

ఎవలన్నరు… హైదరాబాద్ మ్యూజియం సారా? నువ్వడిగినవా ఆయనను? ఇప్పుడు చెప్తే ఎట్ల బిడ్డా! పొద్దుగాల ఎనిమిదింటికే షికంజాల బిగించిన.

…షికంజా అంటే, వంకరపోయిన చెక్కను రెండు పలకల నడుమ పెట్టి మరలు తిప్పుత సూడు, గది. నాలుగు మూలలకు నాలుగు మరలు.

…ఆ, తడిపిన. వెనుక తడి గోనెసంచి కప్పిన. చెక్కకు నీళ్లు తాపకుంట వంపు ఎట్ల పోతది? మా అబ్బ నేర్పిన పని ఇది. కింద మెత్తటి దుప్పటి పరిచి, బొమ్మను బోర్లేసి, మెల్లగ—

సవితా… ఏడ్వకు. ఇంకో ఫోన్‌ల ఉన్నడా సారు? ఉంటే ఏమంటుండో చెప్పు.

…చెక్క మీద సున్నం లెక్క పూత ఉంటదా. పూత మీద బొమ్మ. చెక్కను గుంజి సక్కగ చేస్తే పూత పగుల్తదా…

యా అల్లా! కాయితం బొమ్మలకు చట్రాలు కట్టే చెయ్యి నాది. నాకేమెరుక?

…లే, నీ మీద కాదు కోపం. నా మీదనే. వెనుక అడ్డంగ రెండు చెక్కపట్టీలుండె. ఎవడో అడ్డదిడ్డం కొట్టిండనుకోని ఒకటి పీకేసిన గూడ. చెప్పు సారుకు, దాయకు.

…ఏమన్నడు?

…రెండో పట్టీ ముట్టద్దంటుండా. ముట్టను బిడ్డా.

…ఎవలిది అని అడుగుతుండా? ఉన్నదున్నట్టు చెప్పు. యాభై ఏండ్ల కింద మీ అవ్వ చక్కర ఫ్యాక్టరీల రష్యా ఇంజనీరు దొర ఇంట్ల అంట్లు తోముతుండె. ఆయన భార్య నీనమ్మ పోయేటప్పుడు ఈ ఏసు తల్లి పటం మీ అవ్వ చేతిల పెట్టింది. తీస్కపోతే మా దేశంల దేవుని పటమని గుంజుకుంటరు, దాచిపెట్టు లింగవ్వా, ఎవలో ఒకలం వస్తమని చెప్పింది. అమానత్ అంటం మేము. నమ్మి అప్పజెప్పిన సొమ్ము. బీడీలు చుట్టుకుంటనే కాపాడింది మీ అవ్వ. రేపు ఆ నీనమ్మ బిడ్డ బోధన్ల దిగుతది. గిది చెప్పు.

మొన్న శుక్కురారం మీ అవ్వ గిట్ల దుకాణంలకొచ్చి, కొంగుల మూట విప్పి… "తమ్మీ, ఇచ్చినప్పుడు సక్కగుండె. నా ఇంట్ల కొచ్చినంకనే వంకరపోయింది. ఏం మొఖం పెట్టుకోని ఇయ్యాలె?" అన్నది. ఆమె గట్లంటే నేను వద్దనుడెట్ల?

…సరే. సరే. ఫోన్ స్పీకర్ల పెట్టి బల్ల మీద పెడ్తున్న. వినపడ్తుందా?

…పంకా బంద్ చేయాల్నా? చేసిన.

…ఒక్కొక్క మరను పావు చుట్టే వదులు చేయాల్నా. నాలుగూ సమానంగ. ఆ.

ఒకటి…

రెండు…

మూడు—

ఇన్నవా?

…టక్కుమన్నది. మర కాదు బిడ్డా. నా మరల సప్పుడు నాకెరుకే.

…ఆగిన. చేతులు తీసిన. ఎంతసేపాగాలె?… పది నిమిషాలా! పది నిమిషాలు నా పానం ఏడ పెట్టుకోవాలె?

…ఏం ఫోటో? పటమిచ్చిన్నాటిదా? నీనమ్మ బిడ్డ ఇయ్యాల పంపిందా? అది సూసే సారు ముట్టద్దన్నడా? పంపు, సూస్త.

…వచ్చింది. ఆగు, కండ్లద్దాలు… అరే, ఈ బక్కపిల్ల లింగవ్వక్కనా! కొంగు నోట్ల కుక్కుకోని నవ్వుతుంది. పక్కన నీనమ్మ. పటాన్ని జర పక్కకు తిప్పి పట్టుకుంది…

సవితా.

…వంపున్నది.

ఇందుల గూడ వంపున్నది. మొన్న నేను సూసినప్పుడు ఎంతుండెనో గంతే. పొద్దుగాల దారం గుంజి పట్టి కొలిసిన, నాకు తెల్వదా?

…పాత చెక్క గట్లనే వంగుతదంటుండా సారు. గా పట్టీలు దాన్ని కదలనిచ్చేటందుకే అంటుండా.

అంటే యాభై ఏండ్లు మీ అవ్వ లేని తప్పు మోసింది. అది సక్కజేయబోయి నేను నిజం తప్పు చేసిన.

…ఆ, అయినయి పది నిమిషాలు. తిప్పుతున్న. పావు… పావు… పావు… పావు.

…మళ్లనా.

…వదిలింది. పై పలక తీసిన. గోనె తీసిన. ఇగ దుప్పటితోటే ఎత్తి వెల్లకిల తిప్పాలె… రెండు చేతులు కావాలె, నువ్వు మాట్లాడకు. బిస్మిల్లా…

…

…ఉన్న. ఉన్న బిడ్డా.

…ఒళ్లె పిల్లగాడు మంచిగున్నడు. బంగారు రంగు మంచిగున్నది. తల్లి కండ్లు మంచిగున్నయి. చెంప… కుడి చెంప మీద చింతగింజంత రాలింది. కింద తెల్లగ కనవడ్తుంది.

…పెంకులు దుప్పటి మీదనే ఉన్నయి. మూడు. ముట్టను. కాయితం మడతల ఏసి పెడ్త. బంక పెట్టను. ఎండల పెట్టను. చెప్పు సారుకు, పిల్లి పిల్లల్ని పట్టుకున్నంత మెల్లగ పట్టుకుంటనని.

…ఏమంటున్నవ్?

రంగెయ్యాల్నా? నేనా?

…ఏస్తే ఎవలికీ తెల్వదు, నిజమే. గా రంగు కలుపుడు నాకు లెక్క గాదు. ఒక్క నిమిషం పని. రేపు నీనమ్మ బిడ్డ పటాన్ని ముద్దు పెట్టుకోని తీస్కపోతది…

…లే బిడ్డా. నలభై ఏండ్ల సంది అందరి దేవుళ్లకు చట్రాలు కట్టిన. ఒక్క మొఖం మీద నా కుంచె పెట్టలే. ఇయ్యాల దొంగతనానికి పెట్టాల్నా?

అవ్వకు ఫోనియ్యి.

…ఇయ్యి అంటున్న.

…

అక్కా, సలాం. మొయిన్‌ని.

…మంచిగున్నదా అంటవా? లేదక్కా. తల్లి చెంప మీద రంగు రాలింది. నా దుకాణంల, నా చేతుల.

…

…వంకర సక్కగైందా అంటవా? కాలేదక్కా. సక్క చేయద్దట. నీ చేతికొచ్చినప్పుడే వంపున్నది. సవిత దగ్గర ఫోటో ఉన్నది, సూడు. నువ్వేం ఖరాబ్ చేయలే. ఇన్నేండ్లల్ల ఒక్క గీటు పడనియ్యలే నువ్వు.

…నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా? నాకు తెలుస్తలేదు.

…ఆ, పటం పట్టుకోని బోధన్‌కు నేనే వస్త. బస్సుల ఒళ్లెనే పెట్టుకుంట. రేపు ఆ బిడ్డ ముంగట నేనే ఒప్పుకుంట. నువ్వు నోరు తెరువకు.

…ఏంది? నీ ఇంట్లనే రాలిందని చెప్తవా? ఎందుకక్కా?

…

"నీనమ్మ నా చేతిల పెట్టింది, నీ చేతిల గాదు" అంటవా.

…గట్లెట్లయితదక్కా? చేసింది నేను. ఒక్క మాటిను, జవాబు నువ్వే చెప్పు, నేను పక్కకు నిలవడ్తగని, నా పేరు గూడ చెప్పు… హలో?

హలో… అక్కా? పెట్టేసినవా?