అరవై నాలుగు మిషన్లు

పరీక్ష గదిలో మరదలు కంప్యూటర్లను కలిపే రెండు నెట్‌వర్కుల వేగం కొలుస్తోంది. ఒకటి ఆమె అక్క తయారుచేసింది. రెండోది అక్కను వదిలేసిన బావ అమ్ముకుంటున్నది. అతను పక్కనే నిలబడి చూస్తున్నాడు.

“అరవై నాలుగు మిషన్లూ ఒకేసారా? రెంటితో చాలదూ?”

“ఆరేళ్ళ కిందట రెంటితోనే చూపించి అక్కది చెత్తన్నావు బావా. మర్నాడే దాని ఉద్యోగం పోయింది. నెల తిరక్కుండా నువ్వూ దాన్ని వదిలేసి పోయావు.”

“పాత గొడవలిప్పుడెందుకే?”

“అన్నీ కలిసి పనిచేస్తుంటే నీది నత్తనడక. అక్కది సగం సమయంలో ముగించింది, చూడు.”

“నీకు దణ్ణం పెడతా, రెండు మిషన్లతో ఒక్కసారి నడుపు. నాదే గెలుస్తుంది.”

“నడుపుతా. రెండు ఫలితాలూ ఒకే కాగితం మీద వేస్తా. అప్పుడు నువ్వేం దాచావో అందరూ చూస్తారు.”

“వద్దులేవే, తల్లీ!”

“అడిగింది నువ్వేగా బావా!”

మరదలు తీరిగ్గా మీట నొక్కింది.