అక్కకు చెప్పిన స్కానింగు మాట

గుంతకల్లు స్టేషన్లో కూర్చుంటే రాప్తాడులో గుసగుసలు కూడా వినబడే చెవులు నావి. అయితే ఆ మొగుడూ పెళ్లాలు నా బెంచీ మీదే, నా మోచేతికి తగిలేంత దగ్గరగా కూర్చున్నారు, అది వేరే సంగతి. ఆమె కడుపుతో ఉంది.

"బెంగళూరుకు చీరలకని పిలుచుకొస్తివి కదా మామా. పెద్ద పరీక్షకంట?"

"ఎవురు చెప్పినారు?"

"మా అమ్మే. దాచుకోలేక నోరు జారింది."

"స్కానింగులో బిడ్డకు వెన్నెముక సరిగా మూసుకోలేదని డాక్టరమ్మ చెప్పింది. నువ్వు భయపడతావని..."

"నా కడుపులో బిడ్డ సంగతి మా అమ్మకు చెప్పి, నాకు దాచిపెడితివా?"

"ఆమె నా సొంత అక్క గదే. ఇంకెవురితో చెప్పుకోవల్ల?"

"నాతో! ఇంకొక ఆడదైతే అలిగి పుట్టింటికి పోతాది. నేను యాడికి పోవల్ల? ఆడ ఉండేది గూడా మీ అక్కే."

అతను చెప్పు కొనతో నేల గీకుతున్నాడు.

"పరీక్షకు వస్తా. డాక్టరు గదిలోకి మాత్రం నేనొక్కదాన్నే పోతా. ఏం చెప్పినా ముందు నేను వింటా. బిడ్డను ఏం చేయల్లనో నేను చెప్తా. నువ్వు బయట కూర్చో, మీ అక్క ఇంట్లో కూర్చోనీ."

"తప్పయిపాయ. అట్లే కానీ."

బండి వచ్చింది. సంచి ఆమే ఎత్తుకుంది.

మిగతా మాటలన్నీ నేను విన్నవే. "తప్పయిపాయ" అన్నది మాత్రం నా కల్పన. అతను ఆ మాట అనలేదు. అంటాడేమోనని బండెక్కేదాకా ఆమె అతని మొహమే చూస్తూ ఉండింది. అది చూడలేక నేనే అతని చేత అనిపించాను.