కుడి నుంచి చదవాల్సిన బొమ్మలు

ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద యానిమే క్లబ్ సెక్రటరీ ధనరాజ్, క్లబ్ గోడపత్రికకు మాంగా, అంటే జపాను తరహా బొమ్మల కథలు, గీసే సుహాసిని కూర్చున్నారు. లోపల ఫిజిక్స్ సారు ఆమె గీసిన పేజీ చూపించి అరుస్తున్నారు.

“భయపడకే. నేను సెప్తాను కదా.”

“ఏటి సెప్తావురా?”

“మాంగా కుడి నుంచి సదవాలని. సారు తెలుగులాగ ఎడం నుంచి సదివీసేరు. మొదటి బొమ్మలో నీ సేతిలో ల్యాబ్ రికార్డు, తరవాత సారు సేతిలో, తరవాత నేల మీద. ఆయన ఇసిరికొట్టినట్టు అయిపోనాది.”

“కుడి నుంచైతే?”

“కింద పడిన రికార్డు తీసి నీకిచ్చిన మారాజు! నీకు టీసీ ఇవ్వరు, క్లబ్బూ మూయరు. ఇదిగో, ఈ మాటే కాయితం మీద రాసి క్లబ్బోలందరం సంతకాలు కూడా పెట్టేం.”

సుహాసిని కాగితం ముట్టుకోలేదు.

“ఆ రోజు ల్యాబ్‌కి నువ్వు రాలేదురా. రికార్డు ఇసిరి, ‘పోయి సేపలమ్ముకో’ అన్నారు.”

“అయితే ఆ బొమ్మలు?”

“ఎడం నుంచే గీసేను.”

తలుపు తెరుచుకుంది. “సెక్రటరీ ఎవరు?” అన్నాడు అటెండరు.

ధనరాజ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

“ఒరే, ఏటి సెప్తావు?”

“సారు సరిగ్గానే సదివేరని.”