పొద్దున్నకి చేప

క్యోటోలో వాన కురుస్తున్న ఆ సాయంత్రం పాత సత్రం గుమ్మంలోకి ఒక పెద్దావిడ వచ్చింది. వెనక ఇంకెవరూ లేకపోయేసరికి సత్రం యజమానురాలు వీధిలోకి తొంగి చూసింది.

“ఒక్కరే వచ్చారా అమ్మా?”

“ఒక్కదాన్నే.”

“అయ్యో, గదులన్నీ నిండిపోయాయండీ.”

“గుమ్మంలో ఒక్క జత చెప్పులైనా లేవు కదమ్మా!”

“ఏమనుకోకండి. ఒంటరిగా వచ్చినవాళ్లకి గది ఇవ్వడం మానేశాం. నిరుడు ఇలాగే ఒకబ్బాయి వచ్చాడు. గుళ్లన్నీ తిరిగొచ్చి, పొద్దున్నకి కాల్చిన చేప ఉండాలని మరీ మరీ చెప్పాడు. రేపటి తిండి అడిగినవాణ్ణి ఎవరు అనుమానిస్తారండీ? తెల్లారేసరికి గదిలో ప్రాణం తీసుకుని…”

“ఆ చేప కాల్చారా?”

“కాల్చాను. అలాగే చల్లారిపోయింది. మీకెందుకండీ అదంతా?”

“మీకు అనుమానం రాకూడదనే అడిగుంటాడు. మావాడు పుట్టి బుద్ధెరిగి చేప ముట్టలేదమ్మా.”