పాప చెయ్యి కాలిన దినం

రెండో ఆదివారం ఉదయం మోహన పూతలపట్టులో ధనశేఖర్ ఇంటి వరండాలో నిలబడింది. విడాకులై నాలుగేళ్లు, తొమ్మిదేళ్ల కూతురు ఐశ్వర్యను నెలకొకసారి చూడటానికి కోర్టు ఆమెకిచ్చిన పూట అది. లోపలినుంచి పాప రాలేదు. ధనశేఖర్ వచ్చాడు, అతని వెనకే తల్లి శకుంతలమ్మ.

“పాప యాడ?”

“సూళ్లూరుపేటకి పోయింది. మా అక్కోళ్ళింటికి.”

“ఈ పొద్దు నేనొస్తానని తెలుసు గదా.”

“తెలుసు. పోతానన్నది, పంపించినా.”

“పోయిన నెల జొరమన్నావు. అంతకు ముందు నెల నిద్రపోతా ఉండాదన్నావు, పొద్దున పది గంటలకి.”

“కూర్చో మోహనా. కాఫీ తాగుదువు.”

“వద్దత్తా. నీ కొడుకుతో పనుండాది. ఏమబ్బా, కోర్టు నోటీసు అందిందా?”

“అందింది.”

“చదివినావా?”

“చదివినా. పాపని నీకిచ్చేయాలంట. నాలుగేండ్ల కింద నువ్వే సంతకం పెట్టి ఇచ్చినావు, ఇప్పుడేమో...”

“అప్పుడు నాకు బాగలేదు. ఇప్పుడు బాగుండా. మూడేండ్లుగా బాగుండా. డాక్టరు రాసిచ్చినాడు, ఆ కాగితం కూడా జత చేసినా.”

“డాక్టరుకేం, రాసిస్తాడు. మాత్రలు ఇంకా మింగతా ఉండావా, లేదా?”

“మింగతా ఉండా. నువ్వు షుగరుకి మింగడంలా?”

“షుగరూ అదీ ఒకటేనా?”

“నాకు ఒకటే. మాత్ర మింగుతా, బడికి పోతా. పాకాలలో అరవైమంది పిల్లోళ్ళకి లెక్కలు చెప్తా ఉండా. నా జబ్బు సంగతి హెడ్మాస్టరుకి చెప్పే చేరినా. ఆయనకి లేని భయం నీకేంది?”

“ఆయన సూడలా. నేను సూసినా. గోడలో ఎవరో మాట్లాడతా ఉండారని చెవి ఆనించుకోని కూర్చునేదానివి. పిల్ల ఆకలికి ఏడుస్తా ఉంటే నీకు వినపడేదే కాదు.”

“అది కాదనలా నేను.”

“మళ్ళీ వస్తే?”

“వస్తే ఆస్పత్రికి పోతా. మా అమ్మ నాతోనే ఉండాది, పాపని సూసుకుంటాది.”

“ఈ లోపల పిల్లకేమన్నా అయితే?”

“ఏమయితాది?”

“నన్ను చెప్పమంటావా?”

“చెప్పు.”

“వద్దులే.”

“చెప్పబ్బా. ఇన్నేండ్లూ ‘వద్దులే’ అంటానే నా నోరు మూసినావు. ఈ పొద్దు చెప్పు.”

“పాప చెయ్యి. ఉడుకు నీళ్ళు పోసి కాల్చినావే, ఆ చెయ్యి. మోచేతి దాకా తోలు ఊడొచ్చింది. చాలా?”

“శేఖరా, ఇప్పుడెందుకురా అది...”

“నువ్వు గమ్మునుండమ్మా.”

“చెప్పనీత్తా. నాకు ఆ నెల్లో ఒక్క దినం కూడా గుర్తులేదు. ఆస్పత్రి నుంచి వచ్చినాక మీరు చెప్పినారు, నేను నమ్మినా. బిడ్డని ముట్టుకునే మొగం లేకనే సంతకం పెట్టినా. జబ్బుకి కాదు, కోర్టుకి కాదు, ఆ చెయ్యి సూడలేక పెట్టినా. తెలుసా నీకు?”

“తెలిస్తే ఏమి?”

“ఏమా? నెలకి రెండు గంటలు. అవి కూడా నువ్వు మింగేస్తా ఉండావు. ఇంక నీ బెదిరింపులు సాగవు. జడ్జి ముందర నేనే చెప్తా. చేసినానని ఒప్పుకుంటా. అప్పుడు నా బుద్ధి నా చేతిలో లేదు, ఇప్పుడుండాదని చెప్తా.”

“ఒప్పుకో. నువ్వు మాట మార్చినా సాక్షి ఉండాది నాకు. మా అమ్మ బోనెక్కి ప్రమాణం చేసి చెప్తాది, కండ్లారా సూసినానని. చెప్పమ్మా.”

“ఏం చెప్పేది?”

“వకీలు దగ్గర చెప్పినావు గదా, అదే.”

“నువ్వు చెప్పమన్నావని చెప్పినా. ప్రమాణం చెయ్యాలని ఆ పొద్దు నువ్వనలా.”

“రెండూ ఒకటేనమ్మా.”

“ఒకటి కాదు నాయనా. నా వల్ల కాదు.”

“లోపలికి పో నువ్వు.”

“పోను.”

“అత్తా, ఎందుకేడుస్తా ఉండావు? కోర్టంటే భయమా? నేనే ఒప్పుకుంటా ఉండా గదా, నిన్నెవరూ పిలవరులే.”

“ఒప్పుకోవద్దు మోహనా.”

“అమ్మా, చెప్తా ఉండా, నోరు మూసుకో.”

“ఇన్నాళ్ళూ మూసుకునే ఉండాను గదరా. మోహనా, ఆ దినం నువ్వీ ఇంట్లోనే లేవు. నిన్ను వేలూరు ఆస్పత్రిలో చేర్చి అప్పటికి నాలుగు దినాలు. పాపకి నీళ్ళు పోసింది నేను.”