వీపు పనికొచ్చింది గానీ

ఏందీ, ఆయాసం రోగుల్ని ఆ కాలంలో ఎట్టా చూసుకునేవాళ్లో చెప్పమంటావా? నర్సు పరీక్ష నీకు, అప్పచెప్పేది నేనా మే! సరే, ఆ పుస్తకం మూసి కూర్చో.

నేను ఆత్మకూరు ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్త. మా నాయన ఉదయగిరిలో చెప్పులు కుట్టేవోడని నీకు తెలుసు గదా. జోడు రూపాయిన్నర... కాదు కాదు, రూపాయే, రూపాయిన్నర తర్వాత అయింది. అది అట్టుంచు. ఒకరోజు పొద్దున్నే చేజర్ల నుంచి ఓబుల్రెడ్డిని బండిలో ఏసుకోని తెచ్చినారు. పెద్ద రైతు. ఊరందర్నీ అరిచి పనిచేయించే మనిషి, ఆ పొద్దు మాట పెగల్లా. పెదాలు నేరేడుపండు మాదిరి నల్లబడి ఉండాయి.

మా డాక్టరు మద్రాసులో చదివినోడు, మాట్లాడితే గ్రాంథికం. ఆక్సిజన్ అంటే వీళ్లకేం తెలస్తాదిలే అని, ఓబుల్రెడ్డి పెళ్లాం రెడ్డెమ్మతో, "ఇక ప్రాణవాయువేనమ్మా" అని చెప్పి స్టోరు గదికి పోయినాడు. ఆ ఇనప సిలిండరు దొర్లించుకోని రావాల గదా, నేనూ ఎనకే పోయినా.

తిరిగొచ్చేలోపల ఏం చేసినారో తెలుసా? ఇంక ప్రాణం వాయువేనంట, గాల్లో కలిసిపోతాదంట అని వాళ్లకి అర్థమయింది! మంచం మీద ప్రాణం పోతే కీడంటారు గదా, మనిషిని దించి చాపమీద ఎల్లకిలా పండేసినారు. రెడ్డెమ్మ ఏడస్తా నోట్లో తులసి నీళ్లు పోయబోతా ఉండాది. ఆ తులసాకు బండెక్కేటప్పుడే కొంగున కట్టుకోని వచ్చిందంట మహాతల్లి.

నాకు ఒళ్లు మండిపోయింది. "పోయండి, పోసి మీరే చంపేయండి!" అని చెంబు లాక్కున్నా. ఆయాసం మనిషిని పండేస్తే ఉండే ఊపిరి కూడా ఆడదు మే, లేపి కూర్చోబెట్టాల. దిండ్లంటావా? ఉండే రెండూ కాన్పు గదిలో ఉండాయి. ఏం చేసేది? ముందర స్టూలేసి ఆయన చేతులు దానిమీద ఆనిచ్చి, నేను ఎనక కూలబడి నా వీపు ఆయన వీపుకి ఆనిచ్చినా. డాక్టరు ఆయన ముక్కులో రబ్బరు గొట్టం పెట్టి సిలిండరు గాలి వదిలినాడు.

పొద్దున కూర్చుంటే మధ్యాన్నం దాకా అట్నే. ఆ బండమనిషి బరువంతా నా మీదే, నా నడుము పడిపోయింది. నేనెవురి బిడ్డనో తెలిసి కూడా అంటు, మైల అని ఒక్కరన్నా నోరెత్తితే ఒట్టు. ఎప్పుడో పెదాలు ఎర్రబడి గురక పెట్టినాడు చూడూ, ఆ గురక విని నాకెంత సంతోషమేసిందో!

నాలుగు దినాలకి ఇంటికి పోతా ఉంటే, మాత్ర ఇచ్చి గ్లాసుతో నీళ్లిచ్చినా. గ్లాసుని చూసినాడు, నన్ను చూసినాడు. "ఇంటికి పొయ్యి ఏసుకుంటాలే" అన్నాడు.

నాకు ఏడుపొచ్చేసింది. ఉద్యోగం పోతే పోనీ అని, "నా వీపు పనికొచ్చింది గానీ నా చెయ్యి పనికిరాలేదా అయ్యా?" అని అడిగేసినా.

రెడ్డెమ్మ వచ్చి నా చేతిలో గ్లాసు లాక్కోని, ఆయన ముందరే గటగటా తాగేసింది. "ఇంకో గ్లాసు తేమ్మా, ఈయనకి" అనింది.

తాగినాడా అంటావా? చచ్చినట్టు తాగినాడు.

సరే, పో, చదువుకో. చల్లగా ఉండు తల్లీ, నీ చేతి నీళ్లకి ఎవురూ ఎనకాడకుండా నూరేళ్లు బతుకు...